చీపురు అడిగితే ఏ చీపురంటారు

అమలాపురం

చి.ల.సౌ. కోడలు పిల్లకు పెద్దత్త ఆశీస్సులు.

వచ్చే వారం కాపురానికి వస్తున్నావని మీ అత్తగారు ఫోన్‌లో చెప్పింది. వంటల సంగతి ఆవిడ చూసుకుంటుంది, మాటల సంగతి నేను చెబుతాను. నాదీ మీ అనంతపురం వైపే కదా. నలభై ఏళ్ల కిందట నేను పడ్డ టెన్షన్ నువ్వు పడొద్దు.

వచ్చిన రెండోరోజే మా అత్తగారిని "పొరక ఎక్కడుందత్తా?" అని అడిగాను. ఆవిడ పెరట్లోకెళ్లి ఒక గడ్డిపరక తెచ్చి చేతిలో పెట్టి, "చెవి దురదా అమ్మా?" అంది.

ఇక్కడ దాన్ని చీపురంటారు. వట్టి చీపురంటే చాలదు, ఏ చీపురని అడుగుతారు. ఇంట్లోకి కొండచీపురు. మన్యం నుంచి వస్తుంది, గడ్డి పూతతో కట్టేది. దాన్ని తడపకు. కొత్తదైతే బయటే గోడకేసి దులుపు, లేకపోతే ఊడ్చినకొద్దీ నూగు రాలుతుంది. వాకిలికి ఈనెల చీపురు. అది కొనకు, కోనసీమలో ఉండి ఈనెలు కొంటే నవ్వుతారు. కొబ్బరాకును కత్తితో గీస్తే ఈనె మిగులుతుంది. ఎండాక గుప్పెట పట్టినంత కట్టి, మొదలు నేలకేసి రెండు దెబ్బలు కొడితే పుల్లలన్నీ సర్దుకుంటాయి. అరిగిపోయినా పారేయకు, బాత్‌రూమ్‌కి పనికొస్తుంది.

కసువు అనకు, తుక్కు అను. "ఇల్లు తుడువు" అంటే గుడ్డ వెతక్కు, చీపురు పట్టుకో. గుడ్డతో పనైతే "తడిగుడ్డ పెట్టు" అంటారు. మసిగుడ్డ వేరు, అది పొయ్యి మీద గిన్నె దించడానికి. దాంతో భోజనాల బల్ల తుడిచి తిట్లు తిన్నాను.

అసలు గొడవ ఊడ్పులతో. శ్రావణంలో పక్కింటాయన "ఊడ్పులయ్యాయా అమ్మా?" అన్నాడు. "పొద్దున్నే ఊడ్చేశానండీ, ఇల్లూ వాకిలీ" అన్నాను. ఆయన అడిగింది వరినాట్ల సంగతి! "మా కోడలు ఒక్కత్తే పొలమంతా ఊడ్చేసింది" అని మామగారు ఆ ఏడాదంతా ఊళ్లో చెప్పుకున్నారు.

"తుడిచిపెట్టుకుపోయింది" అన్న మాట మాత్రం ఇక్కడ సరదాకి అనకు. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. నేల మీద ఎటు చూసినా ఆకులే. ఏడాదికి సరిపడా చీపుళ్లు కట్టుకున్నాం.

దీపం పెట్టాక ఊడవకు, మీ అత్తగారికి పట్టింపు. ఈనెలు గీసి ఎండబెట్టాను, కట్టడం నువ్వొచ్చాక చూపిస్తా.

ఇట్లు,
పెద్దత్త