నాలుక కింద నీలపు బుడగ: మా పాప విషయంలో ఏం జరిగిందంటే

మీ బాబుకి పన్నెండు రోజులనీ, నాలుక కింద నీలంగా బుడగ ఉందనీ, డాక్టరు రాన్యులా అని చెప్పి కొన్నాళ్లు చూద్దామన్నారనీ రాశారు. ఇంట్లోవాళ్లు సూదితో గుచ్చేస్తే పోతుందంటున్నారట. దయచేసి ఎవరినీ దాన్ని గుచ్చనివ్వకండి, నొక్కనివ్వకండి. రక్తం కారొచ్చు, చీము పట్టొచ్చు.

మా పాపకీ ఇదే. రెండో రోజు గుక్కపట్టి ఏడుస్తుంటే చూశాను. పలచటి పొర కింద నీళ్లు నిలిచినట్టు, పైన సన్నటి రక్తనాళాలు గీతల్లా. నర్సు టార్చి వేస్తే వెలుగు లోపలిదాకా దిగింది. లాలాజలం నోట్లోకి వచ్చే సన్నటి గొట్టం పుట్టుకతోనే తెరుచుకోకపోతే, ఊరిన లాలాజలం అక్కడే నిలిచి ఇలా ఉబ్బుతుందని డాక్టరు చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదో, చేసిందో కారణం కాదు. ఆ బెంగతో నేను చాలా రాత్రులు ఏడ్చాను, అందుకే చెప్తున్నా.

చిగుళ్ల మీద, అంగిట్లో కనిపించే తెల్లటి పూసల్లాంటివి వేరు. అవి చాలామంది పసిపిల్లలకి ఉంటాయి, వాటంతటవే పోతాయి.

చూద్దామనడం తప్పేం కాదండి. చిన్నవి కొన్ని వాటంతటవే చిట్లి తగ్గిపోతాయి. కానీ ఆ చూడటంలో బుడగ సైజు కన్నా పాలు, ఊపిరి, బరువు ముఖ్యం. మా పాప నాలుగు గుక్కలు తాగి వదిలేసేది, మళ్లీ ఆకలితో ఏడ్చేది. పాలు పిండి, తల ఎత్తి పట్టుకుని చెంచాతో కొంచెం కొంచెంగా పట్టేదాన్ని. సాధారణంగా 2 వారాలకల్లా పిల్లలు పుట్టినప్పటి బరువుకి తిరిగి వస్తారు. మా పాప 3 వారాలకీ రాలేదు. ఇక ఆగకూడదని అప్పుడే తేలింది.

మొదట ఆసుపత్రిలో సిరంజితో నీరు లాగారు. నిమిషంలో చప్పబడింది, ఆ పూట కడుపునిండా తాగింది. అయిపోయిందనుకున్నా. పది రోజులకి మళ్లీ నిండింది, ఎందుకంటే సూది రంధ్రం మూసుకుపోతుంది, గొట్టం మాత్రం తెరుచుకోదు. ఆరో వారంలో మత్తిచ్చి మార్సుపియలైజేషన్ చేశారు. అంటే పైపొర కోసి, అంచుల్ని చుట్టూ కుట్టి, లాలాజలం బయటికి వచ్చే దారి ఉంచడం. మళ్లీ వస్తే ఆ లాలాజల గ్రంథినే తీస్తామన్నారు. ఇప్పుడు పాపకి రెండున్నరేళ్లు, ఇప్పటిదాకా రాలేదు.

ఆపరేషన్ అంటే, నెలల పిల్లలకి మత్తివ్వడంలో అనుభవమున్న డాక్టర్లు ఉన్నచోటే చేయించండి. నోట్లో అడ్డం ఉన్నప్పుడు శ్వాసగొట్టం వేయడమే కష్టమైన పని. ముందు స్కాన్ గురించి కూడా అడగండి. పైకి ఇలాగే కనిపించే వేరే గడ్డలున్నాయి, వాటి వైద్యం వేరు. నాలుక వెనక భాగంలో ఉంటే, తీసేముందు థైరాయిడ్ గ్రంథి మెడలో ఉండాల్సిన చోటే ఉందో లేదో చూస్తారు, ఎందుకంటే ఆ గడ్డే థైరాయిడ్ కావచ్చు.

ఊపిరి తీస్తుంటే గురక లాంటి శబ్దం, పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి లాగడం, పెదాలు నీలం కావడం, పాలు బొత్తిగా తాగకపోవడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మిగతా రోజుల్లో తేదీతో ఒక ఫొటో, వారానికోసారి బరువు, రోజుకెన్ని డైపర్లు తడిపాడో రాసిపెట్టుకోండి. ఆరు కన్నా తగ్గితే డాక్టరుకి ఫోన్ చేయండి. మా డాక్టరు ముందుగా చూసింది ఆ కాగితమే.