పైథాగరస్ సిద్ధాంతాన్ని వెనుక నుంచి మొదలుపెట్టండి

"తొమ్మిదో తరగతి పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం బట్టీ పట్టించకుండా నేర్పాలంటే ఏ నిరూపణ తేలిక? మంచి వీడియో ఏదైనా ఉందా?" అని అడిగారు. నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్నాను. నా సమాధానం ఇది: నిరూపణతో మొదలుపెట్టకండి, వీడియో అసలే వద్దు. ముందు విపర్యయం, అంటే సిద్ధాంతాన్ని తిరగేసిన మాట, చెప్పండి. లంబకోణ త్రిభుజంలో రెండు చిన్న భుజాల వర్గాలు కలిపితే కర్ణం (లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం) వర్గం వస్తుందన్నది సిద్ధాంతం; ఆ లెక్క కుదిరితే అక్కడ లంబకోణం ఉన్నట్టే అన్నది విపర్యయం. అది కూడా నల్లబల్ల మీద కాదు, ఆరుబయట, నేల మీద, తాడు పట్టుకుని.

మనం పాఠం చెప్పే వరుస ఎలా ఉంటుంది? మొదట సిద్ధాంతం, ఆపైన నిరూపణ, ఆపైన లెక్కలు, అన్నీ అయ్యాక విపర్యయం. అప్పటికి పీరియడ్లు అయిపోతాయి. "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. ఊళ్లో ఎవరికైనా పనికొచ్చేది మాత్రం ఆ విపర్యయమే. లంబకోణం ముందే సిద్ధంగా ఉండి, మూడో భుజం ఎంత అని లెక్కకట్టాల్సిన అవసరం మామూలు మనిషికి ఎప్పుడో గాని రాదు. మూల సరిగ్గా కలిసిందా లేదా అన్న అవసరం ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లకూ వస్తుంది. ఇంటికి ముగ్గు పోసే రోజు మేస్త్రి చేసే పని గుర్తు చేసుకోండి. మూల దగ్గర నుంచి ఒక దారం మీద మూడు అడుగులకు, రెండో దారం మీద నాలుగు అడుగులకు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదు అడుగులు వచ్చేదాకా ఒక దారాన్ని అటూ ఇటూ జరుపుతాడు. అచ్చంగా విపర్యయం అదే. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది తండ్రులు, మేనమామలు హైదరాబాదులో ఈ పనిలోనే ఉన్నారు. పాలమూరు కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు, దేశంలో ఎన్ని ఆనకట్టలకు వాళ్లు మట్టి మోశారో! అలాంటి ఇళ్ల పిల్లలకు తెలిసిన గణితాన్ని పాఠం చివరికి నెట్టి, తెలియనిదాన్ని ముందు పెట్టి, పైగా "వీళ్లకు లెక్కలు రావు" అని స్టాఫ్ రూములో అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు ఈ పద్ధతి మీద ఇంత నమ్మకం ఎలా వచ్చిందో చెబుతాను. మండల స్థాయి ఆటల పోటీలు మా బడిలో పెట్టారు. పీఈటీ సారు పిల్లల్ని వెంటేసుకుని వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు వేయించారు. పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నాలుగు పక్కలా టేపు పెట్టి జాగ్రత్తగానే కొలిచారు. నేను పై అంతస్తులో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు నవ్వుతున్నారు. ఏమిటని అడిగితే, "మేడం, కోర్టు ఒక పక్కకు వాలింది" అన్నారు. చూస్తే నిజమే. తరగతి మొత్తాన్ని కిందికి తీసుకెళ్లాను.

"నాలుగు కొలతలూ సరిగ్గానే ఉన్నాయి కదా, మరి ఎందుకు వాలింది?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు ఉన్నాడు. యూనిట్ టెస్టుల్లో పదికి రెండో మూడో తెచ్చుకునేవాడు, వేసవి సెలవుల్లో నాన్నతో పాటు హైదరాబాదు వెళ్లి కట్టడాల దగ్గర ఉండేవాడు. వాడు ముందుకొచ్చి, "మేడం, తాడు ఉందా?" అన్నాడు. స్టోర్ రూములో జెండా పండగకు వాడే తాడు తెప్పించాం. కోర్టు మూలలో ఒక గూటం దిగ్గొట్టాడు. పొడవు గీత వెంట ఎనిమిది అడుగులు కొలిచి ఒక గూటం, వెడల్పు గీత వెంట ఆరు అడుగులు కొలిచి ఇంకొకటి. రెండింటి మధ్య టేపు పట్టించి చూసి, "పది రావాలి మేడం, పది రాలేదు, మూల కలవలేదు" అన్నాడు. పది ఎందుకు రావాలని అడిగితే, "నాన్న అట్లనే చూస్తాడు" అన్నాడు. అంతకు మించి వాడికి తెలియదు. ఆ ఎందుకు అన్నదే మన పాఠం.

గీతలు చెరిపేముందు వాలిన కోర్టు ఎదురు మూలల మధ్య దూరాలు కొలిపించాను. ఒకటి 20 మీటర్ల 70 సెంటీమీటర్లు వచ్చింది, రెండోది 19 మీటర్ల 53. ఎదురెదురు పక్కలు సమానమే, ఐగుమూలలు మాత్రం సమానం కాదు. సమాంతర చతుర్భుజం అంటే ఏమిటో ఆ రోజు ఎవరికీ నిర్వచనం చెప్పాల్సిన పని పడలేదు, పిల్లలు దాని మీదే నిలబడి ఉన్నారు. తర్వాత ఆ అబ్బాయి చూపించినట్టే మూలలు సరిచేసి కొత్తగా గీతలు వేశారు. ఈలోపు మిగిలినవాళ్లు నేల మీదే లెక్క చేశారు: 18 వర్గం 324, 9 వర్గం 81, కలిపితే 405, దాని వర్గమూలం ఇంచుమించు 20.12. టేపు పెట్టి చూస్తే రెండు ఐగుమూలలూ 20 మీటర్ల 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగాయి. టేపు పట్టుకున్న పిల్ల పెట్టిన కేక హెడ్మాస్టరు గది దాకా వినిపించింది. వాలిన కోర్టు కొలతల్లో ఇంకో అందం కూడా ఉంది. 20.70 వర్గం, 19.53 వర్గం కలిపితే 810 దగ్గరకు వస్తుంది, అంటే 405కు రెట్టింపు. కోర్టు ఎంత వాలినా ఆ మొత్తం మారదు. చురుకైన పిల్లలుంటే అది కూడా వాళ్ల ముందు పెట్టండి.

మర్నాడు తరగతిలో ఒక ప్రశ్న వేశాను: మేస్త్రి ఐదు అడుగుల దగ్గర ఒక్క అంగుళం పొరపడితే ఏమవుతుంది? 3, 4 కొలతలతో మూల పట్టి, ఐదుకు బదులు ఐదు అడుగుల ఒక అంగుళం వస్తే ఆ కోణం 90 కాదు, దాదాపు 92 డిగ్రీలు. గోడ 30 అడుగులు సాగేసరికి చివర్లో అడుగుకు పైగా పక్కకు పోతుంది. అదే 6, 8, 10 పెట్టి అంగుళం పొరపడితే తేడా ఒక్క డిగ్రీయే. అనుభవం ఉన్న మేస్త్రి చోటు ఉన్నప్పుడు పెద్ద త్రిభుజమే ఎందుకు వాడతాడో పిల్లలు తమంతట తామే చెప్పారు. ఏ గైడులోనైనా ఈ మాట ఉందా? నేను చూసినవాటిలో లేదు.

ఇప్పుడు నిరూపణ. తాడు పని అయ్యాక "ఎందుకు?" అనే ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది, అప్పుడే చెప్పాలి. అట్ట ముక్కలు చాలు. 3, 4 సెంటీమీటర్ల భుజాలున్న లంబకోణ త్రిభుజాలు నాలుగు కత్తిరించండి. 7 సెంటీమీటర్ల చతురస్రం గీసి, నాలుగు మూలల్లో ఒక్కొక్కటి పెట్టించండి. మొత్తం వైశాల్యం 49, ఒక్కో త్రిభుజం 6, నాలుగు కలిపి 24. మధ్యలో మిగిలింది 25. దాని భుజమే కర్ణం, కాబట్టి కర్ణం 5. అవే నాలుగు ముక్కలను రెండు దీర్ఘచతురస్రాలుగా జతచేసి జరిపితే, మిగిలిన ఖాళీ 9 ఒకటి, 16 ఒకటి, రెండు చతురస్రాలుగా కనిపిస్తుంది. ఆపైన 3, 4 స్థానంలో ఏ, బీ రాయించండి, సూత్రం దానంతట అదే వస్తుంది. ఇక్కడ చాలామంది దాటేసే మెట్టు ఒకటి ఉంది. మధ్యలో మిగిలింది నిజంగా చతురస్రమేనా? మా తరగతిలో ఒక తండా అమ్మాయి ఈ ప్రశ్న అడిగింది. "నాలుగు పక్కలు సమానమే మేడం, కానీ నిన్నటి కోర్టు లాగా వాలి ఉంటే?" అంది. ఆమె ముందు రోజు కోర్టు మీద నిలబడకపోతే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. త్రిభుజంలోని రెండు చిన్న కోణాల మొత్తం 90, సరళరేఖ మీద మిగిలేది ఇంకో 90 అని చూపించాక గాని ఆమె ఊరుకోలేదు.

విపర్యయం నిరూపణ రెండు వాక్యాల పని. 3, 4 భుజాల మధ్య లంబకోణం పెట్టి ఒక త్రిభుజం గీస్తే దాని కర్ణం 5. మేస్త్రి తాడు త్రిభుజానికీ అవే మూడు భుజాలు, కాబట్టి భు.భు.భు. (భుజం-భుజం-భుజం) నియమం ప్రకారం రెండూ సర్వసమానాలు, అక్కడా లంబకోణమే. ఈ రెండు వాక్యాలు ఆ రోజు తాడు అడిగిన అబ్బాయి వాళ్ల నాన్నకు ఫోనులో చెప్పాడట. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు గాని, వాడు మాత్రం ఆ తర్వాత ముందు బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు.

పదో తరగతిలో చెప్పే నిరూపణ మీద నాకు కోపం లేదు. లంబకోణ శీర్షం నుంచి కర్ణానికి లంబం దించి, సరూప త్రిభుజాలతో సాధించడం చాలా చక్కని దారి. కోపమల్లా దాన్ని నూరిపోసే తీరు మీద. పిల్లలు ఏబీసీ త్రిభుజంగానే కంఠస్థం చేస్తారు. ప్రశ్నపత్రంలో పీక్యూఆర్ అని వస్తే చేతులెత్తేస్తారు. లంబకోణం పేజీలో కింద ఎడమవైపు లేకపోతే కర్ణం ఏదో గుర్తుపట్టలేని వాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే బొమ్మను తిప్పి తిప్పి గీయండి, కర్ణం పైన, కింద, అడ్డంగా, అన్ని విధాలా. 3 వర్గం 6 అనేవాళ్లూ ఉంటారు. వాళ్లను తిట్టకుండా గళ్ల కాగితం మీద మూడు గళ్ల చతురస్రం గీయించి, గళ్లు లెక్కపెట్టించండి. 9, 16 కలిపి వర్గమూలం అంటే 3, 4 కలిపి 7 అనేవాళ్లకు మైదానాన్ని గుర్తుచేయండి: మూల నుంచి మూలకు అడ్డంగా నడవడం, పక్కల వెంట చుట్టూ నడవడం ఒకటేనా?

నిచ్చెన లెక్కలు కూడా కాస్త తగ్గించండి. వీధిలో 15 మీటర్ల నిచ్చెన ఒక కిటికీకి ఆనించి, అదే నిచ్చెనను తిప్పి ఎదుటి కిటికీకి ఆనించే లెక్క ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 15 మీటర్లంటే దాదాపు 50 అడుగులు. మా పిల్లలు అంత నిచ్చెనను ఎన్నడూ చూడలేదు. కరెంటు స్తంభానికి కట్టిన స్టే వైరు ప్రతి వీధిలోనూ ఉంది: స్తంభం మీద 24 అడుగుల ఎత్తున కట్టి, మొదలుకు 7 అడుగుల దూరంలో నేలలో పాతితే తీగ 25 అడుగులు. ఇలాంటివి పిల్లల చేతే తయారు చేయించండి.

ఈ సిద్ధాంతం ముందు ఎవరు కనిపెట్టారు అనే గొడవతో పీరియడ్ పాడుచేయకండి. బౌధాయనుడి శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికలను తాడుతో కొలిచే సందర్భంలో ఈ విషయం ఉంది. అంతకుముందే, ఇప్పటికి దాదాపు 3,800 ఏళ్ల నాటి బాబిలోనియా మట్టిపలక మీద 3, 4, 5 లాగా ఈ లెక్కకు కుదిరే సంఖ్యల పట్టిక ఉంది. క్రీస్తుకు 300 ఏళ్ల ముందు యూక్లిడ్ నిరూపణ రాశాడు. ఫోనుల్లో తిరిగే సందేశాలు వీటిలో ఒకటి పట్టుకుని మిగిలినవి దాచేస్తాయి. పిల్లలకు చెప్పాల్సిన కథ ఇంకొకటి ఉంది. అమెరికాలోని న్యూ ఓర్లియన్స్‌లో నెకియా జాక్సన్, కల్సియా జాన్సన్ అనే ఇద్దరు ఉన్నత పాఠశాల అమ్మాయిలు త్రికోణమితితో దీనికి కొత్త నిరూపణ కనుగొని 2023లో గణితవేత్తల సమావేశంలో వివరించారు. 2024లో అది మరికొన్ని నిరూపణలతో కలిసి గణిత పత్రికలో అచ్చయింది. ఇది చెప్పిన రోజున నాకు పదో తరగతి అమ్మాయిల నుంచి వచ్చినన్ని ప్రశ్నలు ఇంకెప్పుడూ రాలేదు.

మీరు అడిగిన వీడియో సంగతి: చూపించాలనుకుంటే అన్నీ అయ్యాక చూపించండి. తాడు మాత్రం నైలాన్‌ది కొనకండి, లాగితే సాగుతుంది, కొలత తప్పుతుంది. సాగని నూలు తాడు తీసుకుని, అడుగుకొక ముడి చొప్పున పన్నెండు అడుగులకు (3, 4, 5 కలిపితే 12) ముళ్లు వేయించండి. ముడికి కొంత తాడు పోతుంది కాబట్టి ఒక ముడి వేశాకే తర్వాతి అడుగు కొలిపించండి. బడికి మైదానం లేకపోతే వరండా మూల చాలు. మా బడిలో రెండు గదుల మూలలు లంబకోణం కావని పిల్లలు ఇలాగే తేల్చారు.