అంబలి వద్దంటే

తమ్మీ,

నీ వీడియో గేమ్ స్క్రిప్ట్ రాత్రి చదివాను. కథ దేవరకొండ కోటలో పెట్టావు, బాగుంది. కానీ మొదలే పదకొండు నిమిషాల సినిమా! టైమ్ నువ్వే పక్కన రాసుకున్నావు. వాన, గుర్రం, తండ్రి చావు, స్లో మోషన్. అంతసేపు ఆడేవాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని ఏం చేయాలి? పల్లీలు తినాలా?

"ఫైనల్ ఫాంటసీ 7లో కూడా అంతే కదన్నా" అన్నావు. కాదు. 1997 నాటి ఆ ఆట మళ్లీ ఆడు. మన జట్టులోని పిల్ల ఏరిత్ ప్రార్థనలో ఉంటుంది, మనం ఆడించే హీరో క్లౌడ్ ఆమె ముందుకు వెళ్తాడు. అక్కడ బటన్లు నీకే ఇస్తారు. ఏది నొక్కినా వాడు ఆమె మీదికి కత్తి ఎత్తడానికే పోతాడు. చివరికి ఆమెను చంపేది విలన్ సెఫిరోత్, అదీ వీడియోలోనే. అయినా నా వేలు వణికిందంటే ఆ బటన్ల వల్లే. పైగా అప్పటిదాకా ఆ పిల్లకు కర్రలు, కడియాలు కొనిపెట్టింది నేనే.

చిన్నప్పుడు నకిరేకల్ దగ్గర మా ఊళ్లో ఒగ్గుకథ జరుగుతుంటే మా తాత లేచి "ఆ పిల్లను అట్ల ఎట్ల పంపిస్తవురా" అని అరిచేవాడు. ఒగ్గాయన కథ ఆపి, తాతకు జవాబు చెప్పి, మళ్లీ మొదలుపెట్టేవాడు. మల్లన్న పెళ్లి ఎట్లాగూ అయ్యేదే, కానీ తాత మాట కూడా అందులో పడేది.

2002లో వచ్చిన మారోవిండ్‌లో కథకు కీలకమైన మనిషిని చంపినా ఆట ఆగదు. జోస్యం దారం తెగింది, ముందు దాచుకున్న పాత సేవ్‌కు పోతావా, ఈ చెడిన లోకంలోనే ఉంటావా అంటుంది. అదే వరుసలో 2011 నాటి స్కైరిమ్‌లో అట్లాంటివాళ్లు మోకాళ్ల మీద కూలి, మళ్లీ లేస్తారు. తప్పు చేసే వీలు కూడా లేకుండా పోయింది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీకి రాసే రోజుల్లో పంచాయితీ సీనుకు నాలుగు దారులు రాశాను. పైఆయన మూడు కొట్టేశాడు. ప్రతి దారికీ డబ్బింగ్, యానిమేషన్ ఖర్చే, సగం మంది చూడనిదానికి డబ్బెందుకన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు, అదే నా బాధ. ఆ డబ్బుతోనే ట్రైలర్ కోసం కోట కూలే వీడియో చేయించాడు. ఆ మూడు దారుల కాగితాలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి.



కోట తలుపు దగ్గర అవ్వ అంబలి ఇస్తుంది చూడు, అక్కడ ఆగిపోయాను. వద్దంటే ముంతకు మూత పెట్టి ఊరుకుంటుంది. మొత్తం స్క్రిప్ట్‌లో నన్ను అడిగింది ఆ ఒక్కచోటే. మరి వద్దన్నవాడే రెండు రోజులకు ఆకలితో అదే దారిన వస్తే అవ్వ ఏమంటుంది? నువ్వు రాయలేదు. తండ్రి చావు పక్కన పెట్టి, ముందు అది రాసి పంపు.