రెండు పార్టీలూ ఓటేసిన చట్టం... మా డిపాజిట్ భద్రమేనా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మావారు సిటిజన్, నాది గ్రీన్‌కార్డు. పాత ఇల్లు అమ్మిన డబ్బు ఒక మధ్యస్థాయి బ్యాంకులో వేశాం. మావారి ఒక్కరి పేరు మీద సీడీ (గడువు డిపాజిట్), సేవింగ్స్ కలిపి 4,50,000 డాలర్లు, ఇద్దరి పేర జాయింట్‌లో 2,80,000 డాలర్లు ఉన్నాయి. ఇలాంటి బ్యాంకుల మీద 2018లోనే నిఘా సడలించారని విన్నప్పటి నుంచి నాకు బెంగగా ఉంది. మావారేమో "రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టం, ఊరికే చేస్తారా? 2023లో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడితే అందరి డబ్బూ ఇచ్చేశారుగా" అంటున్నారు. ఖర్మకాలి బ్యాంకు మూతపడితే, రూల్సు సడలించిన ప్రభుత్వం మీద కేసు వేయొచ్చా?

జవాబు: ముందు మీ లెక్క చూద్దాం. ఈ రోజున మీ డబ్బులో 2,00,000 డాలర్లకు బీమా లేదు. డిపాజిట్లకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఐసీ బీమా ఒక మనిషికి, ఒక బ్యాంకులో, ఒక తరహా యాజమాన్యానికి 2,50,000 డాలర్ల వరకే. మీవారి సీడీ, సేవింగ్స్ రెండూ ఒకే తరహా కిందికి వస్తాయి కాబట్టి రెంటినీ కలిపి లెక్కేస్తారు. జాయింట్‌ది వేరే తరహా. అక్కడ చెరో 2,50,000 చొప్పున మొత్తం 5,00,000 దాకా రక్షణ ఉంటుంది. మీరు అందులో 2,80,000 మాత్రమే ఉంచారు, అంటే 2,20,000 ఖాళీ. గ్రీన్‌కార్డు గురించి దిగులు పడకండి, ఈ బీమాకు పౌరసత్వంతో పని లేదు.

ఇక మీవారి మాట. దాన్ని తేలిగ్గా తీసిపారేయను గానీ ఒప్పుకోను కూడా. ఆ చట్టం 2018 మార్చిలో సెనేట్‌లో 67–31తో, మే నెలలో ప్రతినిధుల సభలో 258–159తో గట్టెక్కింది. సభలో 33 మంది డెమోక్రాట్లు అవునన్నారు. మే 24న ట్రంప్ సంతకం పెట్టారు. దాని సెక్షన్ 401 చదివితే పెద్ద వాదనలేమీ కనిపించవు. బ్యాంకులను కట్టడి చేసిన 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలో 50 బిలియన్ డాలర్లు అని ఉన్నచోట ఆ అంకె కొట్టేసి 250 బిలియన్లు అని రాయమంటుంది, అంతే. 2008 సంక్షోభం తర్వాత పెద్ద బ్యాంకులకు పెట్టిన కఠినమైన కాపలా అప్పటిదాకా 50 బిలియన్ల ఆస్తుల దగ్గర మొదలయ్యేది. ఆ ఒక్క సవరణతో 250 దాకా జరిగింది. 100కూ 250కూ మధ్య ఉన్నవాళ్లకు ఏమేం వర్తించాలన్నది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఇష్టానికి వదిలారు. 2019లో ఫెడ్ ఆ ఇష్టాన్ని సడలింపు వైపే వాడింది.

ఊళ్లో ఎవరినడిగినా ఇది చిన్న బ్యాంకుల చట్టం అనే చెప్పేవారు. రైతుకు, ఇంటికి అప్పిచ్చే పల్లెటూరి బ్యాంకు కాగితాల కింద నలిగిపోతోందని. అది అబద్ధమనను. 10 బిలియన్ల లోపు వాళ్లకు ఇచ్చిన మినహాయింపుల్లో కొన్ని సబబుగానే ఉన్నాయి. కానీ 200 బిలియన్ల బ్యాంకు ఏ పల్లెటూరిది? చిన్నవాళ్లను ముందు నిలబెట్టి వెనక నుంచి నడిమివాళ్లు గేటు దాటారు. పరిమితి పెంచమని సెనేట్ కమిటీకి 2015లోనే రాసిచ్చిన వాళ్లలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు అధిపతి గ్రెగ్ బెకర్ ఒకరు. సెనేట్‌లో అవునన్న డెమోక్రాట్లలో నార్త్ డకోటా హైట్‌క్యాంప్, ఇండియానా డానెలీ, మాంటనా టెస్టర్ ఉన్నారు. ముగ్గురూ ట్రంప్ గెలిచిన రాష్ట్రాల్లో ఆ ఏడాదే ఎన్నికకు నిలబడాల్సిన వాళ్లు. మన ఊళ్లో సర్పంచ్ పదవి ఏకగ్రీవమైందంటే ముందు అడిగేది "ఎంతకు కుదిరింది?" అనే కదా. ఇక్కడ లంచమని అనడం లేదు. ఎవరి అవసరం ఎవరితో కలిసిందో చూడమంటున్నాను.

ఇది మొదటిసారి కూడా కాదు. పొదుపు సంస్థల మీద కళ్లెం వదిలిన 1982 గార్న్–సెయింట్ జర్మేన్ చట్టానికీ రెండు పార్టీల పేర్లూ ఉన్నాయి. సంతకం పెడుతూ రీగన్ జాక్‌పాట్ కొట్టామన్నారు. తర్వాత వెయ్యికి పైగా పొదుపు సంస్థలు మూతపడ్డాయి, పన్ను కట్టేవాళ్లకు సుమారు 124 బిలియన్ డాలర్ల బిల్లు పడింది. దానికి ఈ ఒక్క చట్టమే కారణం కాదు, వడ్డీ రేట్లూ, చూసీ చూడనట్టు పోయిన అధికారులూ ఉన్నారు. 1999లో వాణిజ్య బ్యాంకులకూ షేర్ల వ్యాపారానికీ మధ్య గోడ తీసేసిన చట్టం సెనేట్‌లో 90–8తో నెగ్గింది. అప్పుడు కాదన్న ఎనిమిది మందిలో నార్త్ డకోటా డెమోక్రాట్ బైరన్ డోర్గన్, పదేళ్ల తర్వాత దీనికి చింతిస్తామని సభలోనే చెప్పారు. 2008 రావడానికి పదేళ్లు కూడా పట్టలేదు. అది ఈ చట్టం వల్లే వచ్చిందా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

సిలికాన్ వ్యాలీ బ్యాంకు విషయంలోనూ నింద మొత్తం 2018 మీద వేయను. 2022 చివరికి ఆ బ్యాంకు ఆస్తులు 209 బిలియన్లు, అంటే కొత్త గీతకు లోపలే. డిపాజిట్లలో 90 శాతానికి పైగా బీమా లేనివి. 2023 మార్చి 9న ఒక్కరోజే 42 బిలియన్లు తీసేశారు, మర్నాడు ఇంకో 100 బిలియన్లు క్యూలో ఉండగా మూసేశారు. అప్పటికి అధికారులు రాసిపెట్టిన లోపాలు 31 అలాగే పడి ఉన్నాయి. లోపం కనబడక కాదు, పట్టు బిగించక. ఆ బిగింపు సడలిపోవడానికి 2018 చట్టమూ, దాని మీద ఫెడ్ రాసుకున్న రూల్సూ తోడ్పడ్డాయని అప్పటి ఫెడ్ ఉపాధ్యక్షుడు మైకేల్ బార్ నివేదికే ఒప్పుకుంది.

అందరి డబ్బూ ఇచ్చారన్నది నిజమే. కానీ అది ఎవరి హక్కూ కాదు. ఎఫ్‌డీఐసీ బోర్డూ, ఫెడ్ బోర్డూ చెరో మూడింట రెండు వంతుల మెజారిటీతో సిఫారసు చేసి, ట్రెజరీ మంత్రి అధ్యక్షుణ్ణి సంప్రదించి, ఇది మొత్తం వ్యవస్థకే ముప్పు అని తేలిస్తేనే ఆ మినహాయింపు. మీ బ్యాంకుకు ఆ భాగ్యం దక్కుతుందని ఎవరూ రాసివ్వరు. 2008లో ఇండీమ్యాక్ బ్యాంకు మూతపడినప్పుడు బీమా దాటిన మొత్తంలో ముందు సగమే చేతికొచ్చింది. మిగతాది, మూతపడిన బ్యాంకును చేతికి తీసుకున్న రిసీవర్ దాని ఆస్తులు అమ్మినకొద్దీ రావాలి. మామూలు అప్పులవాళ్లకంటే, వాటాదారులకంటే డిపాజిటర్లది ముందు వరుసే, అయినా పూర్తిగా వస్తుందన్న హామీ లేదు.

కేసు సంగతి. చట్టం చేసినందుకు కాంగ్రెస్ సభ్యుల మీద దావా నడవదు, సభలో వేసిన ఓటుకు రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రక్షణ ఉంది. అధికారుల నిర్లక్ష్యం అని ఫెడరల్ ప్రభుత్వం మీద వేద్దామన్నా, విచక్షణతో తీసుకున్న విధాన నిర్ణయాలకు మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో ఒక పొదుపు సంస్థ అధిపతి, అధికారులు రోజువారీ వ్యవహారాల్లో తలదూర్చి సంస్థను ముంచారని వేసిన గాబర్ట్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. సంస్థ యజమానికే దొరకనిది డిపాజిటర్‌కు దొరుకుతుందని ఫీజు పుచ్చుకుని చెప్పే లాయర్ ఎదురైతే లేచి వచ్చేయండి.

ఆ 2018 చట్టంలో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. అప్పుల చరిత్ర రాసిపెట్టే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ల దగ్గర క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరున వేరేవాళ్లు కొత్త అప్పు తీయకుండా వేసే తాళం) 2018 సెప్టెంబరు నుంచి ఉచితం. చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకోండి.

డబ్బుకు చేయాల్సింది సులువే. మీవారి పేరు మీద 2,40,000 ఉంచి మిగిలిన 2,10,000 జాయింట్‌లోకి మార్చండి. అక్కడ 4,90,000 అవుతుంది, మొత్తం 7,30,000కూ బీమా వస్తుంది, రెండు చోట్లా వడ్డీకి పదేసి వేలు చోటు మిగులుతుంది. సీడీ గడువుకు ముందు తీస్తే జరిమానా ఉంటుంది కనుక సేవింగ్స్‌లోంచి ఎంత సర్దొచ్చో ముందు చూడండి. జాయింట్ ఖాతా పత్రాల మీద ఇద్దరి సంతకాలో, ఇద్దరూ యజమానులని చూపే బ్యాంకు రికార్డో ఉండాలి, డబ్బు తీసే హక్కు ఇద్దరికీ సమానంగా ఉండాలి. మీది ఆన్‌లైన్‌లో తెరిచిన ఖాతా అయితే మీ సంతకం రికార్డులో ఉందో లేదో బ్రాంచికి వెళ్లి అడగండి. పిల్లల పేర్లు లబ్ధిదారులుగా చేరిస్తే ఆ ఖాతా ట్రస్టు తరహాలోకి మారిపోతుంది, లెక్క వేరు. అలాంటి ఆలోచనుంటే చేర్చేముందు మళ్లీ రాయండి.