ఈదేవాణ్ణా, ఈదేదాన్నా?

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా ఊరి ట్రాన్స్‌జెండర్ మహిళ ఒకావిడ తన కథ చెబితే పత్రిక కోసం రాశాను. “చిన్నప్పుడు కాలవలో చొక్కాతోనే ఈదేదాన్నండి” అన్నారు. అప్పటికి మగపిల్లాడే కదా అని ‘ఈదేవాణ్ణి’ అని దిద్దాను. ‘తప్పుడు శరీరంలో పుట్టాను’ అన్న వాక్యం నేనే చేర్చాను. సరైనవేనా?

సమాధానం: మొదటిది దిద్దకుండా ఉండాల్సింది. ‘వచ్చాను, తిన్నాను, ఈదాను’ అని ఆడవాళ్లన్నా మగవాళ్లన్నా ఒకటే. హిందీలో అయితే నోరు విప్పగానే ‘ఆయా’నో ‘ఆయీ’నో తేలిపోవాలి. మనకి ఆ బాధ లేదు గానీ, పాత అలవాట్లు చెప్పుకునేటప్పుడు మాత్రం తప్పించుకోలేం: ఈదేవాణ్ణి, ఈదేదాన్ని. ‘పిరికివాణ్ణి, పిరికిదాన్ని’ కూడా అంతే. అంటే సరిగ్గా చిన్నతనం తలుచుకునే చోటే వ్యాకరణం ‘నువ్వెవరు?’ అని నిలదీస్తుంది. ఆవిడ తడుముకోకుండా జవాబు చెప్పారు. ఆ చొక్కా సంగతి చూడండి. తోటి కుర్రాళ్లు ఒంటి మీద గుడ్డ లేకుండా లాకుల మీంచి దూకుతుంటే, తడిసి ఒంటికి అతుక్కుపోయినా చొక్కా విప్పలేదు ఆ పిల్ల. మీరు ‘వాణ్ణి’ అని మార్చాక చొక్కా ఎందుకు విప్పలేదో పాఠకుడికి అందదు. ఆడా, మగా, మూడో లింగమా అన్నది ఎవరికి వారే చెప్పుకోవచ్చని 2014లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టే అంది. ప్రూఫులు దిద్దే మనకి అంతకన్నా పట్టుదల ఎందుకు?

ఒక జాగ్రత్త. ఆవిడ తనని తాను ‘దాన్ని’ అనుకుంటే అది ఆడమాట. మనం ఆవిడని ‘అది’ అంటే తిట్టు. ‘ఆవిడ వచ్చారు’ అని రాయండి.

ఇక ‘తప్పుడు శరీరం’. ఇంగ్లీషు నుంచి దిగిన మాట, దిగడంలోనే కాలు బెణికింది. తెలుగులో తప్పుడు లెక్కలుంటాయి, తప్పుడు కేసులుంటాయి. కావాలని చేసిన మోసం వాసన ఆ మాటకి తరచూ ఉంటుంది. ఒళ్లు ఎవర్ని మోసం చేసింది? పైగా ట్రాన్స్‌జెండర్లందరికీ ఒళ్లంతా పరాయిగా అనిపించదు. ఒకరికి గొంతు బరువెక్కడమే దుఃఖం, ఒకరికి మీసకట్టు. కొందరు ఆపరేషన్ దాకా వెళతారు, కొందరు హార్మోన్లతో ఆగుతారు, కొందరికి రెండూ అక్కర్లేదు. ఆవిడది ఏ రకమో మీ వాక్యం చెప్పదు. మళ్లీ వెళ్లి అడగండి. “మీసం వచ్చాక అద్దం చూడబుద్ధయ్యేది కాదండి” అంటారో, ఇంకేమంటారో, చివర ఆ ‘అండి’తో సహా అచ్చు వేయండి.