పాత జూమ్ లెన్సుతో ఫొటోగ్రఫీ కోర్సు నెట్టుకురావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఫొటోగ్రఫీ కోర్సులో చేరింది. ఏపీఎస్-సీ (ఫిల్మ్ ఫ్రేముకన్నా చిన్న సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉంది. ఫిల్మ్ కాలం నాటి 70-210 మి.మీ. మాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) జూమ్ లెన్సు చవగ్గా దొరుకుతోంది. దాంతో చదువు సాగుతుందా? – ఒక తండ్రి

జవాబు: సాగుతుంది. పోర్ట్రెయిట్లు, ప్రకృతి దృశ్యాలు, వస్తువుల ఫొటోలు లాంటి నిదానంగా తీసే పనులకు ఆ లెన్సు చాలు. అపెర్చర్ (కాంతి వచ్చే రంధ్రం), ఫోకస్ రెండూ చేత్తో తిప్పుతూ నేర్చుకుంటే పట్టు త్వరగా వస్తుంది. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు, ఆటల పోటీలు తీయాలంటే మాత్రం ఆటోఫోకస్ లెన్సు ఉండాల్సిందే.

కెమెరా మిర్రర్‌లెస్ కావడం కలిసొచ్చింది. మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి సెన్సర్‌కు (బొమ్మ పడే పలక) సోనీ ఇ మౌంటులో 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16 మి.మీ. దూరమే ఉంటుంది. పాత కెనన్ ఎఫ్‌డీ లెన్సుకు 42, నికాన్ ఎఫ్‌కు 46.5 మి.మీ. కావాలి. ఆ తేడాను లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే, గాజు లేని సాదా అడాప్టర్ పూడుస్తుంది.

కొనేముందు లెన్సులోకి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు, వదిలేయండి. అపెర్చర్ రేకులు చటుక్కున కదలాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టినట్టు. కిందికి వంచితే గొట్టం తనంతట జారిపోవడం పెద్ద లోపం కాదు, రబ్బరు పట్టీ వేస్తే ఆగుతుంది.

పాత లెన్సును కెమెరా గుర్తించదు కనుక మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడే సెట్టింగు ఆన్ చేయాలి. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీది 70-210 మి.మీ. అంకె) చేత్తో ఇవ్వాలి. జూమ్ మార్చి ఆ అంకె మార్చకపోతే వణుకు సరిగా తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. స్టెబిలైజేషన్ లేకపోతే 210 దగ్గర షట్టర్ వేగం 1/320 సెకనుకన్నా నెమ్మదించనివ్వద్దు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఫోకస్ దగ్గరే. 210 దగ్గర తెరమీద పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, తర్వాత వెడల్పుకు రావడం పాత అలవాటు. అయితే చాలా అడాప్టర్లు కావాల్సిన దానికన్నా కాస్త పొట్టిగా ఉంటాయి. అందువల్ల జూమ్ మార్చగానే ఫోకస్ జారుతుంది. రింగును అనంతం గుర్తు దాకా తిప్పినా దూరపు కొండ మసకగానే ఉంటుంది. అందుకే జూమ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేయమనండి.

అపెర్చర్ పూర్తిగా తెరిస్తే కొమ్మల అంచుల్లో ఊదారంగు కనిపిస్తుంది, రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8కి వస్తే చాలావరకు తేటపడుతుంది. పాత పూతలు ఎదురెండకు తట్టుకోవు కాబట్టి లెన్సు ముందు తగిలించే హుడ్ (ఎండ అడ్డు) తప్పనిసరి.

ఇలాంటి లెన్సు వాడితే ఫొటో ఫైల్లో అపెర్చర్ నమోదు కాదు. అసైన్‌మెంట్లలో ఆ వివరాలు అడుగుతారు కనుక ప్రతి షాటుకూ ఫోకల్ లెంగ్త్, అపెర్చర్ నోటుబుక్కులో రాసుకోమనండి.