మిక్సర్ కొనేలోపు ఇది చదువు

సాలిగ్రామం, చెన్నై

ఒరే చిన్నా,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, వీడు బెంగళూరు రూములోనే స్టూడియో పెడతాడట, నలభై వేలు పోసి ఏదో మిషన్ ఈఎంఐలో కొంటాడట, నువ్వైనా చెప్పు" అన్నాడు. ఆ తర్వాత నువ్వు పంపిన ఫొటో చూశాను. మైకుల శబ్దాలన్నీ ఒకచోట కలిపే ఆడియో మిక్సర్ అది. పన్నెండు చానల్స్, రంగురంగుల నాబ్‌లు, కింద వరసగా శబ్దం పెంచి తగ్గించే ఫేడర్లు. ఫొటో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాన్రా. 1984 నుంచి కోడంబాకంలో సినిమా పాటలకు కోరస్ పాడాను. గాజు తలుపుకు ఇవతల నిలబడి పాడటమే తప్ప, అవతలున్న కన్సోల్ మీద ఒక్కనాడూ వేలు పెట్టి ఎరగను. మమ్మల్ని ఆ గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. అలాంటిది, మన ఇంటి పిల్లాడు పాడేదీ తనే, రికార్డు చేసేదీ తనే అంటుంటే పక్కింటావిడకు కూడా చెప్పేశాను.

చెప్పి వచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. అచ్చం అలాంటి మిక్సరే నేనూ ఒకప్పుడు కొన్నాను. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివాకే ఆర్డర్ పెట్టు.

ముందు ఒక లెక్క తేల్చుకో. ఒకేసారి ఎన్ని మైకులు కావాలి నీకు? నువ్వు గిటార్ వాయిస్తూ పాడతావు. నీ రూమ్మేట్ కీబోర్డు వాయిస్తాడు. కీబోర్డును తర్వాత విడిగా వాయించి కలుపుకోవచ్చు. అంటే గొంతుకొకటి, గిటార్‌కొకటి, రెండు ఇన్‌పుట్‌లు ఉంటే నీ పని జరిగిపోతుంది. దానికి చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 గానీ, మోటూ ఎం2 గానీ తీసుకో. రెండిట్లోనూ రెండేసి మైకులు పెట్టుకోవచ్చు. స్కార్లెట్ సోలో ఇంకాస్త చవకే గానీ దానికి మైకు ఒక్కటే పడుతుంది, ఇంకో ఇన్‌పుట్ గిటార్ వైరుకే. ఇద్దరూ కలిసి పాడాలనుకున్న రోజున ఇబ్బంది పడతావు. లేదు అత్తా, నలుగురం ఒకేసారి కూర్చుంటాం అంటావా, బెహరింగర్ యూఎంసీ404హెచ్‌డీ చూడు. నాలుగు మైకులు పెడితే నాలుగు ట్రాకులుగా, అంటే దేనికది విడి రికార్డుగా, కంప్యూటర్లోకి వెళ్తాయి.

మిక్సర్‌ను నేను తిట్టడం లేదు. అది వేదిక మీద పనికొచ్చే వస్తువు. మా భజన మండలిలో యమహా ఎంజీ10ఎక్స్‌యూ ఉంది, చక్కగా పనిచేస్తుంది. కానీ దాని యూఎస్‌బీ వైరులోంచి కంప్యూటర్‌కు వెళ్లేవి రెండే చానల్స్, ఎడమ, కుడి. పైన ఎన్ని మైకులు పెట్టినా అన్నీ కలిసిపోయి ఆ రెండిట్లోనే పడతాయి. విడివిడిగా రికార్డు చేసే మిక్సర్లూ లేకపోలేదు. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8, టాస్కామ్ మోడల్ 12 లాంటివాటిలో ఒక్కో చానల్ ఒక్కో ట్రాకుగా ఎస్‌డీ కార్డులోకి ఎక్కుతుంది. వాటికి డబ్బు ఎక్కువవుతుంది. షాపువాణ్ని "ఎన్ని చానల్స్?" అని అడగకు. "కంప్యూటర్లోకి ఎన్ని ట్రాకులు విడిగా వెళ్తాయి?" అని అడుగు. వివరాల్లో యూఎస్‌బీ దగ్గర 2 ఇన్, 2 అవుట్ అని ఉంటే, ముందు పలకమీద ఎన్ని నాబ్‌లున్నా వెళ్లేవి రెండే.

నన్ను ఆ ప్రశ్న అడగమని చెప్పినవాళ్లు లేరు.

2010లో మీ నాన్నమ్మ కంటి ఆపరేషన్‌కని తెనాలి నుంచి చెన్నై వచ్చి నా దగ్గర రెండు నెలలు ఉంది. నీకప్పుడు ఏడేళ్లు, వేసవి సెలవులకు నువ్వూ వచ్చావు. పొద్దున్నే పూలు కడుతూ పాడేది అమ్మ. నలుగు పాటలు, మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాట. పుస్తకంలో లేనివి, వాళ్ల అమ్మ నోట విని నేర్చుకున్నవి. ఇవన్నీ రికార్డు చేసి దాచాలని నాకు పట్టుదల పుట్టింది. సంగీతం ట్యూషన్ల మీద కూడబెట్టిన డబ్బుతో వెళ్లి ఒక మిక్సర్ కొన్నాను. "ఎనిమిది చానల్స్ మేడమ్, యూఎస్‌బీ ఉంది, డైరెక్ట్‌గా కంప్యూటర్లోకి పోతుంది" అన్నాడు అమ్మినాయన. నేను ఎనిమిదీ విడివిడిగానే పోతాయనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. అమ్మకో మైకు, వంత పాడటానికి నాకో మైకు, హార్మోనియంకి ఇంకొకటి. తంబూరా పెట్టెను నేరుగా వైరుతో కలిపాను. నువ్వు మంచం కింద దూరి స్టీలు గ్లాసు మీద స్పూనుతో తాళం వేస్తున్నావు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే హార్మోనియం సన్నగా వినిపించింది, దాని ఫేడర్ పైకి తోశాను. మిక్సర్లోనే, పెద్ద హాల్లో పాడినట్టు మోగించే హాల్ ఎఫెక్ట్ ఉంది. వింటుంటే సినిమా పాటలా ఉందని అదీ కలిపాను. తర్వాత కంప్యూటర్లో తగ్గించుకోవచ్చులే అనుకున్నాను. అమ్మ గొంతు ఎత్తినప్పుడల్లా ఎర్ర లైటు వెలుగుతోంది. పాట ఆపమని చెప్పడానికి మనసొప్పక వదిలేశాను. పదకొండు పాటలు పాడింది. అప్పగింతల పాట దగ్గర తనూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

అమ్మను రైలెక్కించి వచ్చాక కంప్యూటర్లో రికార్డింగు సాఫ్ట్‌వేర్ అడాసిటీ తెరిచాను. నాలుగు ట్రాకులు ఉంటాయని చూస్తే ఒక్కటే ఉంది, ఎడమ, కుడి అని రెండు గీతలు. ఇంకెక్కడో ఉంటాయని రాత్రంతా ఫోల్డర్లు వెతికాను. పొద్దున్నే షాపుకు ఫోన్ చేస్తే "అది అంతే మేడమ్, మిక్స్ అయ్యే వస్తుంది" అన్నాడు. హార్మోనియం తగ్గిద్దామంటే అమ్మ గొంతు కూడా తగ్గుతుంది. ఆ హాల్ ఎఫెక్ట్ అమ్మ మాటల మీద పొగలా పట్టుకుపోయింది, తుడుద్దామంటే రాదు. గొంతు ఎత్తిన ప్రతిచోటా గరగర. పాలల్లో నీళ్లు నేనే పోసి, హంస కోసం వెతికాను.

పోనీలే, దసరాకు వస్తుందిగా, మళ్లీ పాడిద్దాం అనుకున్నాను. వినాయక చవితి వెళ్లిన వారానికి అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంకో మూడేళ్లు బతికింది, నన్ను చూసి నవ్వేది, పాట మాత్రం రాలేదు. కిందటేడు నువ్వే ఆ ఫైలు తీసుకెళ్లి, ఏఐతో గొంతు విడదీసి పంపావు గుర్తుందా? నీళ్లలోంచి పాడినట్టు ఉంది. ప్రతి మాట చివరా హార్మోనియం తోక వేలాడుతోంది. "ఇంతకంటే రాదత్తా" అన్నావు. నువ్వు చేయగలిగింది చేశావు నాన్నా. తప్పు పదహారేళ్ల కిందటే జరిగిపోయింది.

అందుకే నిన్ను విడివిడిగా పెట్టుకోమని ఇంతగా అడుగుతున్నాను. మా రోజుల్లో చాలా పాటలకు అందరం ఒకేసారి పాడి, వాయించేవాళ్లం. ఎనిమిదిమంది ఆడవాళ్లం రెండు మైకుల చుట్టూ నిలబడితే, అవతలి నుంచి ఇంజినీరు గారు "మూడో అమ్మా, అర అడుగు వెనక్కి" అనేవారు. కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసేవారు, ఆ గీత దాటకూడదు. ఆయన చెవికి ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది కనక, అక్కడికక్కడ కలిపినా చెల్లింది. మనకు ఆ చెవి రావడానికి టైం పడుతుంది. అంతవరకూ ప్రతి గొంతునూ, ప్రతి వాయిద్యాన్నీ పొడిగా, ఎఫెక్టులేవీ లేకుండా, దేని ట్రాకులో దాన్ని ఉంచు. పాడేటప్పుడు చెవిలో కాస్త రివర్బ్, ఆ హాల్ మోతలాంటిది, ఉంటే బాగుంటుందనిపిస్తే వినడానికి పెట్టుకో, రికార్డులోకి మాత్రం పోనివ్వకు.

ఇక శబ్దం లెవెల్ సంగతి. కంప్యూటర్లో రికార్డింగుకు 24 బిట్ పెట్టుకో. దాంట్లో కాస్త తక్కువగా రికార్డయినా తర్వాత పెంచుకోవచ్చు. నీ పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే ముక్క ముందు పాడి చూసి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే నాబ్, తిప్పు. మెల్లగా పాడి గెయిన్ పెట్టుకుని, తర్వాత చరణంలో అరిస్తే సున్నా దాటేస్తుంది. అలా చిరిగిన ముక్కను కుట్టడం ఎవరివల్లా కాదు. ఎర్ర లైటు వెలిగితే పాట ఆపు. ఎదుట కూర్చున్నది ఎంత పెద్దవాళ్లైనా సరే, ఆపి మళ్లీ పాడించు.

పాడుతుంటే నీ గొంతు నీకే ఆలస్యంగా వినిపిస్తే కంగారు పడకు, ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ మీట నొక్కు, నీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవిలోకి వస్తుంది. హెడ్‌ఫోన్స్ చెవుల్ని పూర్తిగా మూసేవి తీసుకో. రికార్డు చేసినవాటిని అదే రోజు ఇంకో డిస్కులో కాపీ చేసిపెట్టు.

మైకు విషయంలో నీ ఫ్రెండ్స్ కండెన్సర్ కొనమంటారు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే అందే కరెంటు కావాలి, అది ఇంటర్‌ఫేస్‌లోనే ఉంటుంది. కానీ ఆ మైకు గదిలో ఉన్నదంతా వింటుంది. పక్కింటి కుక్కర్ విజిలూ, కింద ఆటో హారనూ అన్నీ నీ పాటలోకి వచ్చేస్తాయి. మారతహళ్లిలో మీ రూము నేను చూశాను కదరా, నున్నటి టైల్సు, ఉత్త గోడలు, ఒక్క పరుపు. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడు, టంగుమని తిరిగి వినిపిస్తుంది. ప్రస్తుతానికి షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుతో మొదలుపెట్టు, దానికి ఫాంటమ్ అక్కర్లేదు. నోటికి జానెడు దూరంలో పెట్టుకుని పాడు. బట్టల బీరువా తలుపులు తెరిచి, వెనక మీ అమ్మ కుట్టిచ్చిన బొంత వేలాడదీసుకో. ఫ్యాను ఆపు. ఉక్కగా ఉన్నా ఆపు. మేము గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టి, చెప్పులు బయట విడిచి, చెమటలు కారుతుంటే కొంగు కూడా కదపకుండా నిలబడేవాళ్లం. ఆ నిశ్శబ్దం డబ్బుతో కొనేది కాదు, దానికి ఓపిక కావాలి.

ఇక నేను నిజంగా భయపడేది కరెంటుకు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. పెళ్లయిన కొత్తలో ఒక శ్రీరామనవమి పందిట్లో పాడటానికి వెళ్లాను. నా పక్కన ఓ కుర్రాడు గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు. చెయ్యి తీగల మీద ఉంది. మూతి మైకుకు తగలగానే విరుచుకు పడిపోయాడు. యాంప్లిఫయరు ఒక లైను మీద, మైకులు ఇంకో లైను మీద ఉన్నాయి, ఒకదానికి ఎర్త్ లేదు. బతికాడు, కానీ పెదవి కాలిపోయింది. ఆ వాసన నాకింకా గుర్తుంది. నువ్వూ గిటార్ పట్టుకుని మైకుకు దగ్గరగానే పాడతావు. మీ ఓనరును అడిగి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఆ గదిలో ఎర్త్ ఉందో లేదో చూపించు. అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకో. రికార్డింగులో హమ్ అనే కరెంటు మోత వస్తే లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడు. పోయిందంటే తేడా అక్కడుంది. అంతేగానీ హమ్ పోతుందని ఎవరైనా మూడో పిన్ను విరిచేయమంటే చచ్చినా ఆ పని చేయకు. దీనికయ్యే ఖర్చు నేనిస్తాను. చూపించాక నాకు మెసేజ్ పెట్టు.

ఆ ఈఎంఐ మానెయ్. మిగిలిన డబ్బుతో మంచి కేబుల్స్ రెండు, గట్టి స్టాండు ఒకటి కొను. ఎస్పీ రోడ్డులో బేరమాడితే తగ్గిస్తారు.

ఇంకొకటి అడుగుదామని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. అమ్మ పాడిన పదకొండూ కాక ఇంకో పదిహేను పాటలు నాకు నోటికొచ్చు. మొన్న గిన్నెలు సర్దుతూ తలుపు దగ్గర పాట ఒకటి పాడుకుంటుంటే మూడో చరణం ఠక్కున తట్టలేదు, సాయంత్రానికి గుర్తొచ్చింది. నాకూ అరవై మూడు నిండాయి. నీ మిషన్ వచ్చాక ఒక శనివారం బృందావన్ రైలెక్కి వచ్చేయ్. నాకొక్కదానికే మైకు పెట్టు, హార్మోనియం వద్దు. తంబూరా నా చెవిలో మాత్రం వినిపించేట్టు చూడు. కేబుల్స్ నా దగ్గర రెండున్నాయి, స్టాండు మాత్రం నువ్వు తెచ్చుకో.

మీ అత్త